సజ్జ మీద మైకు

నేను విసిరిన చెప్పు పుంజుకు తగల్లేదు. కింద పెరట్లో తవుడు కలుపుతున్న అమ్మాయి బేసిన్‌లో పడింది.

అంతకు ముందు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నా పేరు సుశీల్ కుమార్, సొంత ఊరు కావలి. కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఉద్యోగం. ముత్తుకూరు దగ్గర ఈ ఊళ్ళో క్రీస్తురాజు గారింట్లో మేడ మీద గది అద్దెకు తీసుకుని నాలుగు రోజులైంది. ఆ నెలంతా నాకు నైట్ షిఫ్ట్ పడింది. కంపెనీ బస్సు పొద్దున ఏడున్నరకు సెంటర్లో దింపుతుంది. ఎనిమిదికి పడుకుంటాను. ఎనిమిదీ ఐదుకు ఒక ఎర్ర పుంజు నా కిటికీ సజ్జ ఎక్కి గొంతు చించుకుంటుంది. నాలుగు రోజుల్నుంచీ ఇదే వరస. మనిషన్నవాడు ఎంతకని ఓర్చుకుంటాడు?

కిటికీలోంచి తల బయటపెట్టాను. ఆ అమ్మాయి చెప్పును రెండు వేళ్ళతో పట్టుకుని పైకి చూసింది. చెప్పు నిండా తవుడు. ఆమె చెంప మీద కూడా కాస్త తవుడు చిందింది.

"ఈ చెప్పు మీదేనా?" అంది.

"నాదేనండీ. కానీ మీకోసం కాదు, ఆ పుంజు కోసం."

"మా పుంజు చెప్పులు అడగలేదే."

"నన్ను నిద్ర లేపమని నేనూ దాన్ని అడగలేదండీ."

వసారాలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఎవురు మే నవోమీ, పొద్దన్నే?"

"మేడ మీద అద్దెకొచ్చినాయన అవ్వా. కోళ్ళకి చెప్పులు పంచుతుండాడు."

ఆమె పేరు నవోమి అని, క్రీస్తురాజు గారి కూతురని నాకు తెలిసింది అట్లా. చెప్పు కోసం దిగి వెళ్ళేసరికి కుళాయి కింద దాన్ని కడిగి గట్టు మీద పెట్టి ఉంచింది. చేతి మీద తెల్ల కోటు వేసుకుంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగమట. క్షమించమని చెబుదామని నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది.

"కోత పండగ దాకా, ఇంకో రెండున్నర వారాలు ఓర్చుకోండి. మూడు పుంజుల్లో ఒక్కదాన్నే ఉంచుతాం."

"ఏది ఉంచుతారు?"

"అదే తెలీడంలా."

పెరట్లో తొమ్మిది పెట్టలు. వాటికి మూడు పుంజులు ఎక్కువ. పెట్టల వీపు మీద ఈకలు ఎట్లా ఊడిపోయాయో చూపించింది. ఒకటి చర్చిలో కోత పండుగకు కానుకగా వెళ్తుంది, ఒకటి దొరవారిసత్రంలో ఉన్న అత్త వాళ్ళింటికి వెళ్తుంది. మిగిలేది మాత్రం పిల్లల్ని కాపాడే పుంజు అయి ఉండాలి.

"పోయినసారి పద్నాలుగు పిల్లలు లేస్తే పదకొండింటిని గద్ద తన్నుకుపోయింది. అవ్వ నాలుగు దినాలు అన్నం ముట్టలా. ఇప్పుడు మళ్ళీ పన్నెండు లేచినాయి," అంటున్నప్పుడు ఆమె ముఖంలో సరదా పోయింది. "అవ్వకి చూపు ఆనదు. నాన్న పొద్దన్నే చెరువు కాడికి పోతాడు. పగలంతా ఇంట్లో ఉండేది మీరొక్కరే. ఏది మంచిదో మీరే చూసి చెప్పండి."

"నేను పగలు నిద్రపోతానండీ."

"నిద్ర పోనియ్యడం లేదంటుండారు గదా. మేలుకున్నప్పుడు చూడండి."

పుంజులను పరిచయం చేసింది. నల్ల తోక వేసుకుని దర్జాగా నడిచేది కలెక్టరు. దాని నడక చూస్తే మనం లేచి నిలబడాలనిపిస్తుంది. తెల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉండేది తెల్లోడు. సజ్జ మీదెక్కి నా ప్రాణం తీసేది మైకు. ఆమె నా ఫోన్ నంబరు తీసుకుని, రోజూ సాయంత్రం రిపోర్టు పంపమని చెప్పి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

నేను రెండు సంగతులు గమనించాను. ఒకటి, మైకును ఊరు దాటించే అవకాశం దానంతటదే నా చేతిలోకి వచ్చింది. రెండు, ఆ అమ్మాయి నన్ను ఒక్కసారి కూడా 'అన్నా' అనలేదు.

మొదటి రోజు వాట్సాప్‌లో ఇట్లా పంపాను: 'కలెక్టరు: హుందాగా ఉంది. తెల్లోడు: తింటోంది. మైకు: న్యూసెన్స్.'

'ఇది రిపోర్టా, పగా?' అని జవాబు వచ్చింది. కింద ఇంకోటి: 'నూకలు చల్లి చూడండి. ఏది తనే తింటుందో, ఏది పెట్టల్ని పిలుస్తుందో రాయండి.'

మర్నాడు నూకలు చల్లాను. కలెక్టరు వచ్చి తినేసింది. తెల్లోడు పెట్టల్ని తోసి మరీ తినేసింది. మైకు సజ్జ మీద నుంచి దూకి, ఒక నూక గింజ ముక్కుతో తీసి, కింద వదిలి, కొక్కొక్కొమని పెట్టల్ని పిలిచింది. అవి తినడం మొదలుపెట్టాక గానీ అది ముక్కు వంచలేదు. నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. 'గొంతు పెద్దది కాబట్టి పిలుస్తోంది, గొప్పేం లేదు,' అని రాసి పంపాను.

'ఒప్పుకోండి సార్,' అంది ఆమె.

నాలుగో రోజుకు రిపోర్టులో కోళ్ళు తగ్గి మేం పెరిగాం. ఎవరో రైతు చెరువు నీళ్ళని చెప్పి ఇంటి బోరు నీళ్ళు పట్టుకొచ్చి, రొయ్యలు ఎందుకు చస్తున్నాయో చెప్పమన్నాడట. మా ప్లాంటు క్యాంటీన్‌లో ఉప్మాను కత్తితో కోస్తారని నేను చెప్పాను. ఆరింటికి ఆమె ల్యాబ్ నుంచి వస్తుంది, తొమ్మిదింటికి నా బస్సు. మధ్యలో పెరటి మెట్ల మీద టీ. ఆమె పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద కూర్చునేవాళ్ళం. అవ్వ వసారాలో మంచం మీద నుంచి, "ఏంది మే అన్ని నవ్వులు, కోళ్ళ సంగతేనా?" అనేది. "కోళ్ళ సంగతే అవ్వా," అనేవాళ్ళం ఇద్దరం ఒకేసారి. ఆ మెట్ల మీద కూర్చున్న మూడు గంటల కోసం మిగతా రోజంతా ఎదురు చూస్తున్నానని నాకు అప్పటికే తెలుసు.

ఆరో రోజు పదకొండింటప్పుడు మైకు మళ్ళీ మొదలుపెట్టింది. కాకపోతే ఇది రోజూ కూసే కూత కాదు. గొంతులోనే గీరుతున్నట్టు ఒక పొడుగాటి చప్పుడు. విసుగ్గా లేచి చూశాను. కొబ్బరి చెట్టు పైన గద్ద తిరుగుతోంది.

పెట్టలన్నీ పిల్లల్ని వెంటేసుకుని మునగ చెట్టు కిందికి పరుగెత్తాయి. అందరికంటే ముందు కలెక్టరు స్నానాల గదిలోకి దూరింది. ఒక్క పిల్ల మాత్రం నీళ్ళ మూకుడు దగ్గర ఉండిపోయింది. గద్ద కిందికి దిగింది. నేను అరిచాను. మైకు అరవలేదు, సజ్జ మీద నుంచి తిన్నగా దాని మీదికే దూకింది.

దుమ్ము, ఈకలు తప్ప ఏమీ కనబడలేదు. అంతా అయ్యేసరికి గద్ద ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయింది. మైకు నెత్తి మీది ఎర్ర జుట్టు సగం చీలి నెత్తురు కారుతోంది. అది పిల్లను పెట్టల దగ్గరికి చేర్చి, మళ్ళీ సజ్జ ఎక్కి నిలబడింది. అప్పుడు నాకు బుర్రకెక్కింది. ఆ పెరట్లో ఆకాశం మొత్తం కనబడే చోటు నా సజ్జ ఒక్కటే. నేను ఆ రోజు చెప్పు విసిరింది కాపలా కాసేవాడి మీద.

"ఏంది అబ్బయ్యా ఆ గోల?" అంది అవ్వ.

ఆవిడ పేరు అబిగయీలు, క్రీస్తురాజు గారి తల్లి. పరుగెత్తుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. మైకును పట్టుకొస్తే ఆవిడే తడుముకుంటూ దాని జుట్టుకు పసుపు అద్దింది.

"అయితే మంచిది ఇదేనంటావు."

"ఇదే అవ్వా. అనుమానమే లేదు."

"నవోమికి చెప్పు మరి."

"సాయంత్రం చెప్తానవ్వా."

సాయంత్రం ఫోన్ తీసి 'మైకే' అని టైపు చేశాను. పంపబోతూ ఆగిపోయాను. ఈ ఒక్క మాట పంపితే నా డ్యూటీ అయిపోతుంది. రేపటి నుంచి రిపోర్టు ఉండదు. రిపోర్టు లేకపోతే మెట్ల మీద టీ ఎందుకు ఉంటుంది? చెరిపేసి, 'ఇంకా తేలలేదు. కొన్నాళ్ళు చూడాలి,' అని పంపాను.

'తొందరేం లేదు. టీ తాగతా మాట్లాడుకుందాం,' అంది ఆమె.

అంత మంచిగా అంటే ఎవడికైనా నిజం చెప్పబుద్ధవుతుందా? మైకు జుట్టుకు ఏమైందని ఆమె అడిగితే, కలెక్టరుతో కొట్లాడినట్టుందని నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను. నా జీవితంలో చెప్పిన వెధవ అబద్ధాల్లో దానిదే మొదటి స్థానం.

అట్లా పది రోజులు సాగదీశాను. కలెక్టరు మారుతోందేమో చూద్దామన్నాను, తెల్లోడికి వయసు చాలలేదన్నాను. నేను మెట్ల మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే మూడు పుంజులూ పెరట్లోనే తిరిగాయి. దాని ఫలితం పెట్టలు అనుభవించాయి.

పండుగ ముందు రోజు శనివారం. నవోమి తొందరగా ఇంటికి వచ్చింది. నేను దిగేసరికి చుక్కల పెట్టను ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనెలో పసుపు కలిపి దాని వీపుకు రాస్తోంది. ఈకలే కాదు, తోలు కూడా లేచిపోయి ఎర్రగా పుండైంది. పెట్ట కదలకుండా పడుకుని ఉంది.

"రేపే పండగ," అంది నా వైపు చూడకుండా. "ఈరోజన్నా తేలిందా?"

నేను నోరు తెరిచేలోపే వసారాలోంచి అవ్వ అందుకుంది. "దాంట్లో తేలేదేముంది మే? మైకే గదా. గద్ద వచ్చిన పొద్దే ఈ అబ్బయ్య నాతో చెప్పినాడే. పది దినాలైంది."

నవోమి చెయ్యి ఆగిపోయింది.

"గద్దా? కలెక్టరు పొడిచిందన్నారే."

ఆమె నూనె గిన్నె పక్కన పెట్టింది.

"తెలిసీ దాచినారు. మైకు మంచిదంటే ఉంచేస్తామని, మీ నిద్ర పాడవతాదని. అంతేనా?"

"అందుకు కాదు నవోమి గారూ."

"మరెందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అవ్వ వింటుండగా, ఒళ్ళో ఆ పెట్టను పెట్టుకుని ఆమె అట్లా చూస్తుండగా, అది చెప్పలేకపోయాను. "నాది తప్పే," అన్నాను.

"ఆ పొద్దే చెప్పుంటే మిగతా రెండింటినీ గంప కింద మూసేసుండేదాన్ని. దీని వీపు ఇట్లా అయ్యేది కాదు." ఆమె పెట్టను దగ్గరికి తీసుకుంది. "నమ్మి అడిగినాను మిమ్మల్ని. పోండి, మీకు బస్సు టైమవతాది."

బస్సుకు ఇంకా నాలుగు గంటల టైముంది. అయినా వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున బస్సు దిగి, స్నానం చేసి, కంటి మీద కునుకు లేకుండానే చర్చికి వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేయాలని నిర్ణయం. మా కావలి చర్చిలో కోత పండుగంటే కవర్లో కానుక పెట్టి పెట్టెలో వేయడమే. ఇక్కడ వేదిక ముందు కొత్త బియ్యం మూటలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, గుడ్ల బుట్టలు, ఐసు పెట్టెలో రొయ్యలు, ఒక మేకపిల్ల కూడా ఉన్నాయి. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వేలం వేస్తారట. నవోమి ముందు వరసలో క్వయర్‌తో పాడుతోంది. నా వైపు పొరపాటున కూడా చూడలేదు.

అప్పుడు అవ్వ కొడుకు చెయ్యి పట్టుకుని, బుట్టతో నడిచి వచ్చింది. బుట్టలోంచి చీలిన జుట్టు ఒకటి బయటికి కనబడుతోంది. నవోమి పాట మధ్యలో ఆగిపోయింది.

క్రీస్తురాజు గారు తల్లిని కూర్చోబెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అంకుల్, అది మైకు కదా?" అన్నాను.

"మైకే బాబూ. మా అమ్మ సంగతి నీకు తెలీదు. పండక్కి ఇంట్లో ఏది మంచిదో అదే తెస్తుంది. దేవుడికి రెండో రకం ఇయ్యనంటుంది. నవోమి క్వయర్ ప్రాక్టీసుకని పొద్దన్నే వచ్చేసింది గదా, ఇప్పుడే చూసినట్టుండాది పాపం." ఆయన నిట్టూర్చారు. "మైకే మంచిదని అమ్మకి ఎవరు చెప్పినారో ఏమో."

చెప్పింది నేనే. చెప్పాల్సిన మనిషికి దాచి, అవ్వకు చెప్పాను. నవోమికి ఆ రోజే చెప్పి ఉంటే ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉండేవాళ్ళు.

"వేలంలో మీరు మళ్ళీ కొనుక్కోవచ్చు కదా?"

"ఇచ్చిన ఇంటోళ్ళు వేలం పాట పాడకూడదు బాబూ. మా చర్చిలో అది కట్టుబాటు. ఇచ్చి మళ్ళీ మనమే తెచ్చుకుంటే ఇచ్చినట్టెట్లా అవతాది?"

ఆరాధన తర్వాత బయట షామియానా కింద వేలం మొదలైంది. ఊళ్ళో అందరూ వచ్చారు. పాస్టరుగారు పాట పిలుస్తుంటే, నవోమి పక్కన కూర్చుని పాడినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాస్తోంది. మైకు వంతు వచ్చేసరికి ముందుకొచ్చిన మనిషి చిన్నపోలయ్య. ముత్తుకూరు రోడ్డులో ఆయన హోటల్ నాటుకోడి పులుసుకు పేరు. మైకు తొడ పట్టి చూసి తృప్తిగా తలాడించి పాట పెట్టాడు.

నేను దాని మీద పెంచాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి. నవోమి పెన్ను ఆగింది. చిన్నపోలయ్య పెంచాడు. నేనూ పెంచాను. పాట కోడి ధర దాటి మేకపిల్ల ధరకు దగ్గరపడేసరికి ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇది కుదరదు పాస్టరుగారూ. ఈ అబ్బాయి క్రీస్తురాజు గారింట్లోనే ఉంటాడు. ఇచ్చిన ఇంటోళ్ళు పాడకూడదు గదా."

"అద్దెకుండే మనిషి ఇంటోడెట్లా అవతాడు?" అన్నారు ఎవరో.

"అద్దెకుండేది మేడ మీద. టీ తాగేది కింద మెట్ల కాడ. రోజూ చూస్తానే ఉండాం," అందొక ఆవిడ. నవ్వులు లేచాయి.

చిన్నపోలయ్య వదల్లేదు. "అయినా నీకెందుకబ్బా ఈ పుంజు? నిద్ర చెడగొడతాదని దాని మీద చెప్పు ఇసిరినోడివి గదా. ఊరందరికీ తెలుసు."

నిద్ర లేని మనిషికి ఒక మొండి ధైర్యం వస్తుంది. నేను లేచి నిలబడ్డాను.

"విసిరాను. తప్పు నాదే. అది సజ్జ ఎక్కేది పిల్లలకు కాపలా కాయడానికి. ఆ సంగతి నాకు పది రోజుల కిందటే తెలుసు. చెప్పాల్సిన వాళ్ళకు చెప్పలేదు. నిద్ర కోసం కాదు. చెప్పేస్తే మర్నాటి నుంచి వాళ్ళతో మాట్లాడటానికి నాకు వంక ఉండదని చెప్పలేదు. నా స్వార్థానికి ఆ పెట్ట వీపు పుండైంది. ఈ పుంజు రోజూ ఎనిమిదింటికి నా నెత్తి మీద కూసినా ఫర్వాలేదు. అది ఆ పెరట్లోనే ఉండాలి."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"అదంతా సరే బాబూ. ఇంతకీ ఈ అబ్బాయి ఆ ఇంటివాడా, కాదా? అది తేలితే గానీ పాట సాగదు." ఆయన క్రీస్తురాజు గారి వైపు చూశారు. క్రీస్తురాజు గారు తల్లి వైపు చూశారు.

"నన్నడగబాకండి, నాకు చూపు ఆనదు," అంది అవ్వ. "పుస్తకం రాసే పిల్లనడగండి."

నవోమి పుస్తకం మూసింది. నన్ను చూసింది, బుట్టలో ఉన్న మైకును చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఎప్పుడూ నోరు మూయని మైకు కూడా ఆ నిమిషంలో ఊరుకుంది.

"ఈ రోజుకి కాదు పాస్టరుగారూ," అంది.

ఆ మాట అర్థం కావడానికి జనానికి ఒక క్షణం పట్టింది. ముందు వెనక వరసలో ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. క్రీస్తురాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం అందరికంటే ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక కూర్చుండిపోయాను.

"ఇయ్యండి, ఆయనకే ఇచ్చేయండి," అన్నాడు చిన్నపోలయ్య. "నాకు పులుసుకి ఇంకో పుంజు దొరకదా ఏంది."

ఇంటికి నడిచి వస్తుంటే మైకు నా చంకలో ఉంది, నవోమి పక్కన ఉంది.

"ఇంకా కోపం పోలా నాకు," అంది నవోమి.

"తెలుసు."

"చుక్కల పెట్ట వీపు మానేదాకా రెండు పూటలా మందు మీరే రాయాలి."

"రాస్తాను."

"ఇంకొకసారి అబద్ధం చెప్తే?"

"చెప్పు మీ చేతికే ఇస్తాను. మీ గురి నాకంటే బాగుంటుంది."

ఆమె తల తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేనని భుజాలు చెప్పేశాయి. "ఇంతకీ ఈ పుంజు ఎవరిది? కొనింది మీరు. మా ఇంట్లో ఎట్లా ఉంటాది?"

"నాతో పాటే అద్దెకుంటుంది."

"ఎన్నాళ్ళు?"

"అది మీరే చెప్పాలి. నాకు తెలిసింది చెప్పడానికి పది రోజులు తీసుకుంటానని మీకు తెలుసు కదా."

ఈసారి ఆమె నవ్వు దాచుకోలేదు.

మధ్యాహ్నమే అత్త వాళ్ళు వచ్చి కలెక్టరునూ తెల్లోడినీ దొరవారిసత్రం తీసుకుపోయారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి పడుకున్నాను. ఎనిమిదీ ఐదుకు మైకు సజ్జ ఎక్కి కూసింది. లేచి కిటికీ తెరిచాను. కింద నవోమి తవుడు కలుపుతోంది. చుక్కల పెట్ట ఆమె కాళ్ళ దగ్గర నిలబడి తింటోంది.

తల ఎత్తి చూడకుండానే చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. నా ఫోన్ మోగింది.

'మీ అమ్మగారి నంబరు పంపండి. అవ్వ మాట్లాడాలంట.'

నంబరు టైపు చేశాను. ఈసారి చెరపలేదు.